తలంటు కథ: కుంకుడుకాయ నుంచి షాంపూ పాకెట్టు దాకా



డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు రెండు నెలల క్రితమే అడిగారు. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి, కరువుభత్యం బకాయిల గురించి రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. 1973లో యల్.డి.సి.గా చేరి 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన నాబోటివాడు కొత్తగా చెప్పేదేముంటుంది? అందుచేత మన అందరి నెత్తికీ సంబంధించిన విషయం ఒకటి ఎంచుకున్నాను. తలంటు.

దీనికి కారణం లేకపోలేదు. కిందటేడు మా మనవరాలి ఓణీల ఫంక్షనుకు ముందురోజు నేను జుట్టుకు నలుపు వేసుకున్నాను. పాకెట్టు మీద ఉసిరికాయ, మందారపువ్వు, గోరింటాకు బొమ్మలున్నాయి. ‘మూలికలతో’ అని పెద్ద అక్షరాలున్నాయి. అంతకుముందు నాలుగైదుసార్లు వాడినదే కనుక సందేహించలేదు. రాత్రికి నుదురు దురద పెట్టింది. తెల్లవారేసరికి ముఖం బూరెలా ఉబ్బి, రెండు కళ్ళూ మూసుకుపోయాయి. ఆసుపత్రిలో డాక్టరుగారు “తలకేం రాశారు?” అని అడిగితే “ఆకులేనండి” అన్నాను. పాకెట్టు తెప్పించమన్నారు. వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నది మా అల్లుడు చదివి వినిపించాడు. పారా ఫినైలిన్ డయమిన్. చాలా నల్లరంగుల్లో ఉండే రసాయనం అదేనట. ఎన్నోసార్లు ఏమీ చేయకుండా ఊరుకుని, ఒకనాడు హఠాత్తుగా ఇలా తిరగబడవచ్చునట.

ముప్పయ్యారేళ్ళు ఫైళ్ళలో ఫుట్‌నోట్లు కూడా వదలకుండా చదివినవాణ్ణి. నా నెత్తిన రాసుకునేదాని వెనకవైపు చదవలేదు. ఫంక్షను ఫొటోల్లో నేను లేను. ఆ వారం రోజులు మంచం మీద పడుకుని ఆలోచిస్తుంటే యాభై ఏళ్ళ క్రితం మా అమ్మ అడిగిన ప్రశ్న ఒకటి గుర్తుకొచ్చింది. దాని సంగతి తరువాత మనవి చేస్తాను.

నాన్నగారి చిట్టా

మా నాన్నగారు తూర్పుగోదావరి జిల్లాలో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. జీతం తక్కువ, లెక్క ఎక్కువ. రోజువారీ ఖర్చులు అట్టబౌండు పుస్తకాల్లో రాసుకునేవారు. వాటిలో నాలుగు నా దగ్గరున్నాయి. కళ్ళు తెరుచుకున్నాక వాటిని దించి దుమ్ము దులిపి చదివాను.

1955లో దీపావళికి ముందు ‘కుంకుళ్ళు 1 వీశె, సీకాయ అర్ధ వీశె, ఆముదం, నువ్వులనూనె, సాంబ్రాణి’ అని ఉంది. ఈ కాలం పిల్లల కోసం చెబుతున్నాను, వీశె అంటే సుమారు 1,400 గ్రాములు. 1958 నుంచి మెట్రిక్ తూకాలు అంచెలంచెలుగా అమలులోకి వచ్చాయి కదా, మా నాన్నగారి పుస్తకంలో 1961 దాకా వీశెలే నడిచాయి. 1962లో ‘కుంకుళ్ళు కిలోన్నర’ అని కనిపిస్తుంది. తూకం మారింది గాని సరుకు మారలేదు. సబ్బు కూడా కనిపిస్తుంది. ‘లైఫ్‌బాయ్ 1’ అనేది నెలకొకటి, పెద్దమామయ్య వచ్చిన నెలలో రెండు. బట్టలకు వేరే సబ్బు. తలకు మాత్రం సబ్బు తగలనిచ్చేవారు కాదు.

ఆనాటి తలంటు ఎలా ఉండేదో మీలో చాలామందికి తెలుసు. అయినా మనవలు చదువుతారని రాస్తున్నాను. మా ఇంట్లో ఆడవారికి శుక్రవారం, మగవారికి శనివారం. ముందురోజు రాత్రే అమ్మ కుంకుళ్ళు రాయితో చితక్కొట్టి, నల్లటి గింజలు తీసేసేది. ఆ గింజలు మాకు గోళీలు. తెల్లవారి పెచ్చుల మీద వేణ్ణీళ్ళు పోసి, చేత్తో నలిపి నురుగు తెప్పించి, పలచటి గుడ్డలో వడకట్టేది. ఈలోగా మమ్మల్ని పీటమీద కూర్చోబెట్టి, మాడున నూనె పోసి అరచేత్తో తట్టేది. తరువాత ఒంటికి నలుగు. వినాయకచవితి వ్రతకథలో పార్వతీదేవి నలుగుపిండితోనే బొమ్మ చేసిందని ఏటా వింటాం కదా. నలుగు మన ఇళ్ళలో ఎంత మామూలు విషయమో దానిబట్టే తెలుస్తుంది. అది ఏమిటో కథ ఎక్కడా వివరించదు. వివరించవలసిన అవసరం లేదు కనుక.

కుంకుడు రసం కళ్ళలో పడితే అమ్మ నోట్లో ఉప్పుకల్లు వేసేది. మంట తగ్గేదో లేదో గాని ఏడుపు ఆగేది. చివరగా ఒక చెంబు ఉండేది. అది ఉత్త నీళ్ళు కాదు. ఒకవారం మందారాకు పిసికిన జిగురు నీళ్ళు. ఒకవారం మెంతులు నానిన నీళ్ళు. వేసవిలో పేలకు, చెమటకాయలకు వేపాకు కాచి చల్లార్చిన నీళ్ళు. పెద్దక్కయ్యకు ఇనపమూకుట్లో రాత్రంతా నానిన ఉసిరి పెచ్చుల నీళ్ళు. ఆ చివరి చెంబు తలకు గోరువెచ్చగా ఉండాలి, వేడిగా ఉండకూడదని అమ్మ పట్టుదల. చదువు నాలుగో తరగతి. చాలా ఏళ్ళకు వాగ్భటుడి అష్టాంగహృదయానికి తెలుగు తాత్పర్యం చదువుతుంటే దినచర్యాధ్యాయంలో ఆ మాటే కనిపించింది. వేడినీళ్ళు మెడ కిందికి బలాన్నిస్తాయి, తలమీద పోస్తే జుట్టుకూ కళ్ళకూ చేటు అని. వాగ్భటుణ్ణి అమ్మ చదవలేదు. వాళ్ళమ్మ చెప్పింది.

ఈ కాయలో ఏముంది?

కుంకుడుకాయ పెచ్చులో ‘సాపోనిన్’ అనే పదార్థముంటుంది. దానికి ఒక కొస నూనెను పట్టుకునే గుణం, రెండో కొస నీటిని పట్టుకునే గుణం. మధ్యవర్తిలాగా రెంటినీ కలిపి జిడ్డును నీళ్ళతో పంపించేస్తుంది. సీకాయలోనూ ఇదే ఉంది. సబ్బు చేసే పనీ ఇదే గాని ఒక తేడా ఉంది. సబ్బుకు క్షారగుణం ఉంటుంది, కుంకుడు, సీకాయ రసాలకు కొంచెం పులుపు గుణం ఉంటుంది. బోరుబావి ఉప్పునీళ్ళలో సబ్బు కలిపితే తెల్లటి తెట్టు కట్టి వెంట్రుకలకు అంటుకుంటుంది. కుంకుడు నురుగు అలా తెట్టు కట్టదు. అందుకే పట్టుచీరలు కుంకుడునీళ్ళలో జాడించేవారు, కంసాలివారు నగలకు మెరుగు పెట్టడానికి వాడేవారు.

శాస్త్రజ్ఞులు ఈ చెట్టు జాతికి ‘సపిండస్’ అని పేరు పెట్టారు. లాటిన్‌లో సబ్బుకు, ఇండీస్‌కు సంబంధించిన రెండు మాటలు కలిపి చేసిన పేరు. అయితే ఆ రోజుల్లో ఇండీస్ అంటే మనదేశమే కాదు, అమెరికా వైపు దీవులు కూడా. అక్కడా ఇదే జాతి చెట్లున్నాయి, అక్కడి జనమూ వాటితో తల, బట్టలు ఉతుక్కున్నారు. కనుక ప్రపంచంలో ఇది మనకే తెలిసిన రహస్యమని గొప్పలు పోవడానికి లేదు. కాని ఉత్తరాదిన రీఠా అని, ఇక్కడ కుంకుడు అని, దేశమంతా ఇంతగా వాడుకున్న వాళ్ళం మనమన్నది నిజం.

మందారాకు, మెంతులు రెండింటిలోనూ జిగురు ఉంటుంది. కుంకుడు జిడ్డు తీసేశాక గరుకుదేరిన వెంట్రుక మీద ఆ జిగురు పలచటి పూతలా నిలుస్తుంది. దువ్వెన సులువుగా పడుతుంది. నేడు సీసాల్లో ‘కండిషనర్’ పేరిట అమ్మేదాని పని కూడా ఇటువంటిదే.

ఇక ఇనపమూకుట్లో ఉసిరి సంగతి గుమాస్తాలకు బాగా అర్థమవుతుంది. పూర్వం సిరా ఎలా చేసేవారు? కరక్కాయ నానబోసి అన్నభేది కలిపేవారు. కరక్కాయలోని వగరుకు అన్నభేదిలోని ఇనుము తోడై నల్లబడుతుంది. ఉసిరికాయ వగరుకు మూకుడులోని ఇనుము తోడైనా అదే జరుగుతుంది. అంటే మా అక్కయ్య జడ మీద అమ్మ పోసినది ఒక రకంగా సిరాయే! సిరాలాగే అది పైపైన పట్టేది. వారం వారం పోస్తే నలుపు నిగనిగలాడేది, మానేస్తే పోయేది. తెల్లజుట్టును లోపలినుంచి నల్లగా మార్చే ఆకుగాని కాయగాని లేదు. ఈ మాట అమ్మ కూడా ఎన్నడూ అనలేదు.

సంతలో చూసినది

నా మొదటి పోస్టింగు ఏజెన్సీలో తాలూకా ఆఫీసుకు. మైదానంలో పుట్టి పెరిగిన నాకు కుంకుళ్ళు పచారీకొట్లో గోనెసంచిలో పుడతాయనే తెలుసు. అవి అడవిలో ఎవరో చెట్టుకింద ఏరితే వచ్చినవని మొదటిసారి సంతలో చూశాను. చలికాలం చివర కొండరెడ్లు, కోయలు కుంకుళ్ళు, సీకాయ, చింతపండు కావిళ్ళలో, బుట్టల్లో దించేవారు. తెల్లవారకముందే కొండదిగి వచ్చినవారికి మధ్యాహ్నానికి తిరిగి ఎక్కే తొందర. కొందరు వర్తకులు ఆ తొందరను కూడా కాటాలో వేసి తూచేవారు. ఉప్పుకు, ఎండుచేపలకు, గుడ్డముక్కకు బుట్టెడు సరుకు వెళ్ళిపోయేది. మా అమ్మ చిట్టాలోని వీశె కుంకుళ్ళకు ఆ చివర ఎవరికి ఎంత ముట్టిందో అని అప్పుడు మొదటిసారి అనిపించింది.

ఇందుకోసమే విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది. గిరిజనుల దగ్గర అటవీ ఫలసాయం కొని, వారికి ఉప్పు, బియ్యం వంటి నిత్యావసరాలు అమ్మడం దాని పని. 1979లో వచ్చిన రెగ్యులేషను షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలును ప్రైవేటు వర్తకుల చేతుల్లోంచి తప్పించింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తులపై సేకరించేవారికే హక్కు ఉందని చెప్పింది. కాగితం మీది మాట కొండ ఎక్కడానికి ఎంతకాలం పడుతుందో మనకు తెలియనిది కాదు. అయినా ఆ సంస్థ దుకాణాల్లో కుంకుడుపొడి, సీకాయపొడి కొనేటప్పుడు, ఆ ఏరినవారి చేతులు ఒకసారి తలచుకోవడం మన ధర్మమని నా మనవి.

షాంపూ మన మాటే

మిత్రుల్లో చాలామంది షాంపూ ఇంగ్లీషు మాట అనుకుంటారు. కాదు. హిందీలో ‘చాంప్నా’ అంటే నొక్కడం, మర్దించడం. ‘చాంపో’ అంటే ‘నొక్కు’ అని. 1957లో వచ్చిన ‘ప్యాసా’ చిత్రంలో జానీ వాకర్ తలకు నూనెరాసి మాలిష్ చేసే పాత్ర గుర్తుంది కదా, అదే చంపీ. మన దేశంలో ఉన్న ఇంగ్లీషువారు 18వ శతాబ్దంలో ఆ మాటను పట్టుకెళ్ళారు. దాన్ని అక్కడ ప్రసిద్ధం చేసినవాడు మనవాడే. 1759లో పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తిరిగి, ఐర్లండు వెళ్ళి, చివరికి ఇంగ్లండులో బ్రైటన్ అనే సముద్రతీర పట్టణంలో స్నానశాల పెట్టాడు. మూలికలు వేసిన ఆవిరిస్నానం, ఆపైన మర్దన, ఇదీ ఆయన ‘షాంపూ’. నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులిద్దరికీ ఆయన ఆస్థాన మర్దనకారుడయ్యాడు. 1822లో దీనిమీద పుస్తకం కూడా అచ్చువేశాడు. 1851లో కన్నుమూశాడు.

అంటే షాంపూ అన్న మాటకు మొదట తల రుద్దుకోవడమన్న అర్థమే లేదు, మర్దన అనే అర్థం. కాలక్రమాన అది తల కడగడానికి, ఆపైన కడిగే పదార్థానికి పేరయింది. 1903లో బెర్లిన్‌లో హాన్స్ ష్వార్జ్‌కోఫ్ అనే మందులషాపు యజమాని నీళ్ళలో కలుపుకునే తలకడుగు పొడి అమ్మడం మొదలుపెట్టాడు. 1930ల నాటికి సబ్బు కాని కృత్రిమ నురుగు పదార్థాలతో షాంపూలు వచ్చాయి. మన నూనెతలంటులోని మర్దన పేరు సముద్రం దాటి వెళ్ళి, మర్దన వదిలేసి, సీసాలో తిరిగి వచ్చింది.

సబ్బు, సీసా, పాకెట్టు

సీసాకంటే ముందు సబ్బు వచ్చింది. 1888లో కలకత్తా రేవులో లీవర్ బ్రదర్సువారి సన్‌లైట్ సబ్బుపెట్టెలు దిగాయి. 1916లో మైసూరు సంస్థానంవారు బెంగుళూరులో గంధపుసబ్బు ఫ్యాక్టరీ పెట్టారు. ఆ తరువాత కొద్దికాలానికే గోద్రెజ్‌వారు జంతువుల కొవ్వు లేకుండా నూనెలతో సబ్బు చేశారు. మడి ఆచారాలున్న ఇళ్ళలోకి సబ్బు రావడానికి ఇది దారి చేసింది. 1929లో లక్సు వచ్చింది. ఒంటికి నలుగు స్థానం సబ్బు తీసుకుంది. తల మాత్రం చాలాకాలం కుంకుడుకే మిగిలింది.

1964లో సన్‌సిల్క్ మన దేశంలో అమ్మకానికొచ్చింది. అప్పట్లో షాంపూ అంటే సీసా, సీసా అంటే డబ్బున్నవాళ్ళు. ఈ అడ్డు తొలగించింది తమిళనాడులోని కడలూరు కుటుంబం ఒకటి. చిన్ని కృష్ణన్ అనే ఆయనకు చిన్న పాకెట్లలో సరుకమ్మాలన్న ఆలోచన కలిగింది. ఆయన కుమారులు వెల్వెట్ షాంపూ పాకెట్లను ఊరూరా ప్రచారంలోకి తెచ్చారు. మరో కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో పదిహేను వేల రూపాయలతో విడిగా మొదలుపెట్టి చిక్ షాంపూ తెచ్చాడు. తరువాత దాన్ని యాభైపైసల పాకెట్టులో కూడా అమ్మాడు. పల్లెటూరి బడ్డీకొట్టులో దండల్లా వేలాడే పాకెట్లు మీరూ చూశారు. ఇందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. తెల్లవారి బస్సెక్కి ఉద్యోగానికి పోవలసిన ఆడపిల్లకు కుంకుళ్ళు కొట్టి, నానబెట్టి, వడకట్టే తీరిక ఏది? పాకెట్టు ఆమెకు గంట సమయం మిగిల్చింది. అంతకుముందు ఆ గంట ఎవరిదో మనం, ముఖ్యంగా మగవాళ్ళం, ఎన్నడూ లెక్కవేయలేదు. తమాషా ఏమిటంటే, అదే కంపెనీ తరువాత మీరా పేరుతో సీకాయపొడి కూడా పాకెట్లలో అమ్మింది. పోయినదాన్ని వెతుక్కునేవాళ్ళు కూడా అప్పటికే తయారయ్యారన్నమాట.

అమ్మ అడిగిన ప్రశ్న

మా ఇంట్లోకి షాంపూ తెచ్చినవాణ్ణి నేనే. 1974లో మా చెల్లెలి పెళ్ళికి నా జీతంలోంచి రాజమండ్రిలో ఒక సీసా కొన్నాను. నాన్నగారి చిట్టాలో ఆ ఎంట్రీ ఉంది. ‘షాంపూ సీసా 1 - అబ్బాయి తెచ్చినది - వెల తెలియదు.’ లెక్కల మనిషి వెల తెలియదని రాసిన ఎంట్రీ నాలుగు పుస్తకాల్లోనూ అదొక్కటే.

అమ్మ సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, “దీన్ని దేనితో చేస్తార్రా?” అని అడిగింది. నాకు తెలియదు. “సిటీలో అందరూ వాడుతున్నారమ్మా” అన్నాను. “అందరూ వాడుతున్నారు సరే, దేనితో చేస్తారు?” అని మళ్ళీ అడిగింది. నేను నవ్వేశాను. చెల్లెళ్ళు కూడా నవ్వారు. అమ్మ సీసా గూట్లో పెట్టేసింది. తరువాత కొన్నాళ్ళకు, కుంకుళ్ళు చితక్కొట్టిన చప్పుడు మా ఇంట్లో పండగలకే వినిపించేది. అమ్మ పోయాక అదీ లేదు.

కిందటేడు కళ్ళు మూసుకుపోయి పడుకున్నప్పుడు నాకు గుర్తొచ్చినది ఈ ప్రశ్నే. యాభై ఏళ్ళ తరువాత కూడా నా దగ్గర జవాబు లేదు. ఆకుల బొమ్మ చూసి ఆకులనుకున్నాను.

చిట్టాలో లేనివి

ఈ వ్యాసం కోసం నాన్నగారి పుస్తకాలు తిరగేస్తుంటే ఒక విషయం తట్టింది. కుంకుళ్ళు ఉన్నాయి, సీకాయ ఉంది, సాంబ్రాణి ఉంది. మందారాకు లేదు. వేపాకు లేదు. గోరింటాకు లేదు. ఎందుకంటే అవి పెరట్లోవి. నాన్నగారు కొన్నవి రాశారు, అమ్మ కోసినవి రాయలేదు. సున్నిపిండికి పెసలు, బావంచాలు, కచ్చూరాలు కొన్నట్టుంది, ఏది ఎంత కలపాలో లేదు. ఆ కొలత అమ్మ చేతిలో ఉండేది. రికార్డు లేని విషయం జరగనట్టేనని ఆఫీసులో మనం అనుకుంటాం. మా ఇంటి రికార్డులో అసలు సంగతి సగం లేదు.

కాకినాడలో ఉన్న మా పెద్దక్కయ్యకు ఫోను చేశాను. ఆమెకు ఎనభైమూడేళ్ళు. ఈమధ్య చెప్పిందే చెబుతోంది, మనవల పేర్లు తారుమారు చేస్తోంది. కాని సున్నిపిండి అనగానే గొంతు మారింది. “రాసుకోరా తమ్ముడూ. పెసలు నాలుగు సోలలు, శనగపప్పు ఒకటి, బియ్యం అర. పసుపుకొమ్ములు చారెడు. ఎండబెట్టిన నారింజతొక్కలు, కచ్చూరాలు, బావంచాలు కొద్దిగా. అన్నీ ఎండలో పెళపెళలాడాలి” అంది. నేను రాసుకుంటున్నాను. కొంచెం ఆగి, “ఇంకొకటుంది. అమ్మ చివర్న వేసేది. డబ్బా మూత తీయగానే అదే వాసన వచ్చేది. ఏమిట్రా అది?” అని నన్నే అడిగింది. నాకేం తెలుసు? మర్నాడు మళ్ళీ చేశాను. పెసలు దగ్గర్నుంచి మొత్తం చెప్పి అక్కడే ఆగిపోయింది.

మూలికలకొట్టుకు వెళ్ళి వట్టివేళ్ళు, తుంగముస్తలు, ఎండు గులాబీరేకులు మూడూ తెచ్చాను. ఒక్కొక్కటి కలిపి మా ఆవిడ చేత పిండి పట్టించాను. మంచి వాసనలే. అమ్మ డబ్బా వాసన మాత్రం కాదు. పది సంవత్సరాల క్రితం అడిగి ఉంటే అక్కయ్య చెప్పేది. ఇరవై ఏళ్ళ క్రితం అమ్మే చెప్పేది. అడగవలసినప్పుడు నేను సీసాలు కొంటున్నాను.

కొన్ని జాగ్రత్తలు

ఇంత చదివి రేపే కుంకుళ్ళు కొట్టమనేవారికి అనుభవంతో నాలుగు మాటలు.

ఆకుపసర్లన్నీ మంచివేనన్న నమ్మకం వద్దు. కుంకుడు రసం కంట్లో పడితే ఉప్పుకల్లుతో ఊరుకోక చల్లటి మంచినీళ్ళతో బాగా కడుక్కోవాలి. పొడిచర్మం ఉన్నవారు నూనె రాయకుండా కుంకుడు పోసుకుంటే చర్మం మరీ ఎండిపోతుంది. సున్నిపిండిలో బావంచాలు వేస్తే ఆ పూట ఎండలో తిరగవద్దు. దానిలోని పదార్థం ఎండతగిలితే చర్మాన్ని కందేలా చేస్తుంది. ఈ గుణం వల్లనే దాన్ని బొల్లి వైద్యంలో వాడతారు.

అసలైన గోరింటాకు ఎర్రగానే పండుతుంది. నల్లగా, గంటలో పండే ‘గోరింట’ అని ఎవరైనా అంటే అందులో వేరే రసాయనం ఉందని అనుమానించాలి. పసిపిల్లలకు అసలైన గోరింట కూడా పెట్టవద్దు. పుట్టుకతో ఒక ఎంజైము లోపం ఉన్న పిల్లలకు దానివల్ల రక్తకణాలు దెబ్బతినే ప్రమాదముంది. జుట్టుకు రంగు వేసుకునేవారు పాకెట్టు వెనక రాసిన హెచ్చరిక చదవాలి. ముందు కొద్దిగా చర్మం మీద రాసి ఒకరోజు ఆగి చూడమని అందులో ఉంటుంది. ఒకసారి నాలా వాచినవారు మళ్ళీ ఆ జోలికి పోకూడదు. నేను మానేశాను. తెల్లజుట్టుతో మన సంఘం ఆఫీసుకు వస్తే ఎవరూ గేటు దగ్గర ఆపలేదు.

మరొకటి. మన వయసులో తలంటు ప్రమాదం తలలో లేదు, కాళ్ళ కింద ఉంది. నూనె, నురుగు కలిసిన బాత్‌రూము గచ్చు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. స్టూలు మీద కూర్చుని పోసుకోండి. తలుపు లోపల గడియ వేయవద్దు.

ముగింపు

షాంపూ మానేయమనిగాని కుంకుడు మోక్షమనిగాని నేను చెప్పడం లేదు. మా కోడలు షాంపూయే వాడుతుంది, మా ఆవిడ కుంకుడు వాడుతుంది, ఇద్దరి జుట్టూ బాగానే ఉంది. నేను కోరేది రెండే. ఏది నెత్తిన పోసుకున్నా, దేనితో చేస్తారో అడగండి. మీ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఈ వారమే పక్కన కూర్చుని, ఆమె ఏ ఆకు ఎంత వేసేదో, ఎలా నానబెట్టేదో రాసుకోండి. మనం గుమాస్తాలం. రాయడం వచ్చినవాళ్ళం. జీవితమంతా పైవాళ్ళు చెప్పినవి రాశాం, ఇంట్లోవాళ్ళు చెప్పినవి రాయలేదు.

నాన్నగారి నాలుగో పుస్తకంలో చివర ఇరవై పేజీలు ఖాళీగా ఉన్నాయి. మా ఆవిడ వాటిలో రాయడం మొదలుపెట్టింది. మొదటి పేజీలో అక్కయ్య చెప్పిన సున్నిపిండి కొలతలున్నాయి. చివరి వరుసలో అంకె వేసి, ఎదురుగా ఖాళీ ఉంచింది. ఆ వాసన ఏమిటో గోదావరి జిల్లాల పెద్దలెవరికైనా తెలిసి ఉంటే దయచేసి సంఘం కార్యాలయానికి ఒక కార్డు ముక్క రాయగలరు.

సెలవు.

— ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు